వెనక రిమోట్ల సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఇంజనాపుము. ఒత్తిడి దింపుము. పంపు నుండి వచ్చుదానిని వాల్వున చేర్చుము. వాల్వు నుండి పోవుదానిని లిఫ్టునకు, మూడవదానిని ట్యాంకునకు చేర్చుము. బిగింపుము. కారుట చూడుము.

అవతారిక

చిన్న ట్రాక్టరుకు వెనక రిమోట్లు బిగించే కిట్టు ఎవరి దగ్గర కొన్నా, పెట్టెలో వాల్వు, పైపులు, నట్లతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. బొమ్మలు తీసేసి సారం పిండితే పై ఆరు వాక్యాలే మిగులుతాయి. తక్కువ అక్షరాల్లో ఎక్కువ అర్థం ఇమడాలన్నది సూత్ర లక్షణం కనుక ఇది సూత్రమే. చదివినవాడికి ఏమీ అర్థం కాదు కనుక దీనికి వ్యాఖ్య కూడా కావలసిందే. మెదక్ జిల్లా కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు టీకలు రాశాడు. ఆ ఒట్టులో మొదటి సగం ఈ వ్యాఖ్యాతకు కుదరదు. కాగితంలో రాయనిదే ఇక్కడ కొంప ముంచుతుంది.

విషయ నిర్దేశం చేయాలి. రిమోట్లంటే ట్రాక్టరు వెనక జతలు జతలుగా కనిపించే కప్లింగులు. సీటు పక్కన లివరు లాగితే జతలో ఒకదాన్లోంచి ఆయిల్ బయటి సిలిండరుకు పోతుంది, రెండోదాన్లోంచి తిరిగి వస్తుంది. లివరు తోస్తే అటుదిటు. అంతే సంగతి.

పూర్వపక్షి లేస్తాడు: “ట్రాక్టరుకు లిఫ్టు ఉండగా ఇవెందుకు?” మంచి ప్రశ్నే. ఉత్తర ఐర్లండు వాడైన హారీ ఫెర్గూసన్ ఆ లిఫ్టు ఎత్తే, పనిముట్టును మూడు చోట్ల పట్టుకునే మూడు బిందువుల లింకేజీకి 1926లో పేటెంటు పొందాడు. 1939లో ఫోర్డుతో కలిసి తెచ్చిన 9ఎన్ ట్రాక్టరుతో అది లోకమంతా పాకింది. కానీ ఆ లిఫ్టు పైకి మాత్రమే ఎత్తుతుంది, కిందికి దించేది పనిముట్టు బరువే. మన ఊళ్లలో హైడ్రాలిక్ ట్రక్కు పద్ధతీ అదే. ఇసుకో కంకరో నింపిన తొట్టిని ఆయిల్ లేపుతుంది, ఖాళీ తొట్టి తన బరువుతో తాను దిగుతుంది. అందుకే దానికి ఒక్క పైపు చాలు. తోయడమూ లాగడమూ రెండూ కావలసిన చోట ఈ పప్పులుడకవు. చాలు చివర బోర్లపడి రెండో వైపుకు తిరగాల్సిన రివర్సిబుల్ నాగలి ఉంది. అమెరికాలో ఐదెకరాలో పదెకరాలో ఉన్నవాళ్లు కంకర బాట చదును చేయడానికి వాడే బాక్స్ బ్లేడు ఉంది. దాని వాలును సీట్లోంచే మార్చుకోవడానికి వాళ్లు టాప్ లింకు (మూడు బిందువుల్లో పైది) స్థానంలోనూ, కుడి లిఫ్టు రాడ్డు స్థానంలోనూ సిలిండర్లు పెడతారు. రెండు సిలిండర్లు, రెండు లివర్లు, నాలుగు కప్లింగులు. చాలా కంపాక్ట్ ట్రాక్టర్లు ఫ్యాక్టరీ నుంచి ఇవి లేకుండానే వస్తాయి. కిట్టు అమ్మేవాళ్లు బతికేది ఆ లోటు మీదే.

ఇంజనాపుము, ఒత్తిడి దింపుము

ఇంజన్ ఆపితే ఒత్తిడి పోయిందనుకోవడం అవివేకం. లోడరు బకెట్ గాల్లో ఉంటే ఆ బరువంతా పైపుల్లోని ఆయిల్ మీదే కూర్చుని ఉంటుంది. ముందు బకెట్ నేలకు దించాలి, లిఫ్టు చేతులు దించాలి, తరువాత ఇంజన్ ఆపాలి, ఆపైన ప్రతి లివరునూ అన్ని వైపులా కదపాలి. ఈ వరుస తప్పితే మొదటి నట్టు వదులు చేసినవాడి ముఖానికి ఆయిల్‌తో అభిషేకమే.

ఇదే వాక్యానికి ఉపవ్యాఖ్య ఒకటుంది. కిట్టు బిగించి వాడుతున్నవాళ్లు ఎండాకాలం మధ్యాహ్నం పైపు కప్లింగుకు ఎక్కడం లేదని సుత్తి తీస్తారు. ఎండలో పడున్న పైపులో ఆయిల్ వ్యాకోచించి, చివరనున్న వాల్వును లోపలి నుంచి తన్ని పట్టి ఉంటుంది. ట్రాక్టరు వైపు కప్లింగులో ఒత్తిడి మిగిలి ఉంటే ఇంజన్ ఆపి లివరు కదిపితే దిగిపోతుంది. పైపు వైపు మిగిలితే ఒక నట్టును గుడ్డ కప్పి మెల్లగా వదులు చేయాలి. సుత్తి మాత్రం ఏ పక్షంలోనూ ప్రమాణం కాదు.

మూడవదానిని

శాస్త్రమంతా ఈ ఒక్క మాటలో ఉంది. కాగితం దీనికి సగం వాక్యం ఇచ్చింది. వ్యాఖ్యాత కాస్త తీరిగ్గా కూర్చోవాలి.

చిన్న ట్రాక్టర్లలో సాధారణంగా ఉండేది గేరు పంపు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ అది ఆయిల్ తోస్తూనే ఉంటుంది, అక్కర ఉందా లేదా అని అడగదు. ఎవరూ లివరు ముట్టుకోనప్పుడు ఆ ఆయిల్ వాల్వుల మధ్యలోంచి ఒత్తిడి లేకుండా సాగి ట్యాంకులో పడుతుంది. దీన్నే ఓపెన్ సెంటర్ అంటారు. పంపు నుంచి బయల్దేరిన ఆయిల్ ముందు లోడరు వాల్వు, తరువాత రిమోట్ల వాల్వు, చివరికి లిఫ్టు చూసుకుని ఇల్లు చేరుతుంది. లిఫ్టును చివర పెట్టడానికి కారణం ఉంది: దాని తరువాత ఆయిల్‌ను ముందుకు పంపే దారి సాధారణంగా ఉండదు, అందులో పడ్డది నేరుగా ట్యాంకులోకే పోతుంది. కాలువ చివరి ఆయకట్టు రైతు కష్టమే లిఫ్టుదీ. పైన రిమోటు లివరు పట్టుకుని ఉన్నంతసేపు కింద లిఫ్టు లేవదు. అది రోగం కాదు, ధర్మం.

ఇప్పుడు వాల్వుకు ఎన్ని రంధ్రాలు? సిలిండర్లకు పోయేవి పక్కన పెడితే మూడు. పంపు నుంచి వచ్చేది ఒకటి. ఎవరూ వాడుకోని ఆయిల్‌ను ముందుకు, అంటే లిఫ్టుకు పంపేది రెండోది. దీని పేరు పవర్ బియాండ్. సిలిండరు నుంచి తిరిగొచ్చిన ఆయిల్‌ను ట్యాంకుకు చేర్చేది మూడోది. ఈ రెండు, మూడు స్థానాల దగ్గరే శిష్యులు దారి తప్పుతారు.

మొదటి అపసిద్ధాంతం: ‘ఆయిల్ ఎలాగూ ట్యాంకుకే పోవాలి కదా’ అని ముందుకు పోయేదాన్నీ ట్యాంకుకే కలిపేయడం. రిమోట్లు చక్కగా పనిచేస్తాయి. సాయంత్రం రోటవేటరు ఎత్తబోతే లిఫ్టు లేవదు. పాపం, పంపు పాడైందని విప్పదీసినవాళ్లూ ఉంటారు.

రెండో అపసిద్ధాంతం ఇంతకన్నా ప్రమాదకరం, చవక వాల్వు కొన్నవాళ్లలో ఎక్కువ. వాల్వుకు పవర్ బియాండ్ దారిని ట్యాంకు దారి నుంచి వేరు చేసే స్లీవు ఉండదు, రెండే రంధ్రాలు: లోపలికి, బయటికి. బయటి రంధ్రాన్నే లిఫ్టుకు కలిపేస్తారు. మొదటి రోజు అన్నీ పనిచేస్తాయి కాబట్టి సిద్ధాంతం నెగ్గినట్టే కనిపిస్తుంది. కానీ ఆ రంధ్రం ట్యాంకుకు పోయే ఖాళీ ఆయిల్ కోసం చేసింది. లిఫ్టు బరువెత్తినప్పుడల్లా పూర్తి ఒత్తిడి వెనక్కి తన్ని అక్కడికొస్తుంది. స్పూలు (లివరుతో కదిలే వాల్వు లోపలి కడ్డీ) సీళ్లు ముందు ఊడతాయి, అదృష్టం మరీ చెడితే వాల్వు ఒళ్లే పగులుతుంది. స్లీవుకు అయ్యే అదనపు డబ్బు దగ్గర బేరమాడేవాడు ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు. టీకాకారుడి నిశ్చితాభిప్రాయం ఇది.

వాల్వున చేర్చుము: పాఠభేదాలు

తాళపత్ర ప్రతుల్లో ఉన్నట్టే మరల్లోనూ పాఠభేదాలున్నాయి. అమెరికా ప్రతి ఎన్‌పీటీ, బ్రిటిష్ ప్రతి బీఎస్‌పీ. జపాను ట్రాక్టర్లలో తరచు కనిపించేది ఈ రెండోది. అరంగుళం సైజులో రెంటికీ అంగుళానికి 14 మరలే. కాబట్టి ఒకటి రెండోదాన్లో నాలుగు చుట్లు హాయిగా ఎక్కుతుంది, మెకానిక్‌కు మోక్షం కనిపిస్తుంది. కానీ ఒకదాని మర కోణం 60 డిగ్రీలు, ఇంకోదానిది 55. వ్యాసాలూ వేరు. ఎంత బిగించినా ఆయిల్ చెమర్చుతూనే ఉంటుంది, ఇంకా బిగిస్తే అల్యూమినియం ఒళ్లు చీలుతుంది. నీళ్ల పైపులకు చుట్టే తెల్ల టేపు ఇక్కడ పరిహారం కాదు. దాని పీలికలు స్పూలులో చిక్కుకుంటాయి. స్పూలుకూ దాని గూటికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే.

శుభ్రత సంగతీ ఇక్కడే చెప్పాలి. చాలా కంపాక్ట్ ట్రాక్టర్లలో గేరుబాక్సు ఆయిలూ హైడ్రాలిక్ ఆయిలూ ఒక్కటే, ఒక్క తొట్టిలోదే. హైడ్రోస్టాటిక్ బండి అయితే చక్రాల్ని తిప్పేదీ ఆ ఆయిలే. పైపు విప్పి మూత పెట్టకుండా టీ తాగడానికి వెళ్లినవాడు బండి మొత్తానికి దుమ్ము పట్టిస్తున్నాడు.

బిగింపుము

దీని మీద చెప్పాల్సింది తక్కువ. పానా ఉన్నవాడు బిగిస్తాడు.

బిగించాక బలం ఎంతన్నది తెలుసుకోవాలి. 50 మిల్లీమీటర్ల సిలిండరు ముఖ వైశాల్యం సుమారు 19.6 చదరపు సెంటీమీటర్లు. 150 బార్ల ఒత్తిడి దాని మీద పడితే దాదాపు 3 టన్నుల తోపు. రెండో వైపు రాడ్డు కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లాగుడు తోపుకన్నా ఎప్పుడూ తక్కువ. వేగం లెక్క ఇంకా ఆశ్చర్యం. పంపు నిమిషానికి 24 లీటర్లు ఇస్తే, 25 సెంటీమీటర్ల దూరం పోయే ఆ టాప్ లింకు సిలిండరుకు కావలసింది అర లీటరుకు లోపే. ఒకటింబావు సెకనులో ఈ చివర నుంచి ఆ చివరకు. బ్లేడును వేలెడు వంచాలనుకున్నవాడికి అది మూరెడు వంగిపోతుంది. అందుకే ఇంజన్ స్పీడు తగ్గించి వాడతారు, లేదా కప్లింగు దగ్గర సన్నని రంధ్రమున్న బిళ్ల వేసి ఆయిల్‌ను నెమ్మదింపజేస్తారు. టాప్ లింకు పట్టు జారకుండా, ఆయిల్‌ను వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు కూడా ఉండాలి. లేకపోతే స్పూలు సందుల్లోంచి కారే కొద్ది ఆయిలే బరువును మెల్లగా కిందికి దించేస్తుంది.

కారుట చూడుము

ఎలా చూడాలో కాగితం చెప్పదు. పైపు మీద చెయ్యి జార్చి తడి తగులుతుందేమోనని చూసే అలవాటు చాలామంది మెకానిక్కులకు ఉంది. సూది బెజ్జమంత చిల్లు నుంచి 2,000 పౌండ్ల ఒత్తిడితో వచ్చే ఆయిల్ కంటికి కనపడకపోవచ్చు. కారు టైరులో ఉండేది 32 పౌండ్లు. ఆ ధార చర్మాన్ని దూసుకుని వేలి లోపలికి, కండరాల వెంట పైకి పాకుతుంది. మొదట చీమ కుట్టినట్టుంటుంది, అందుకే మనిషి చేయి తుడుచుకుని పనిలో పడతాడు. కొన్ని గంటల్లో వేలు వాచి, రక్తప్రసరణ ఆగి, చివరికి తీసేయాల్సి రావచ్చు. లోపలికి పోయిన ఆయిల్‌ను సర్జన్ కోసి కడిగి తీయాలనీ, అది గంటల మీదే జరగాలనీ ట్రాక్టరు కంపెనీల మాన్యువళ్లే చెబుతాయి.

కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని, కిట్టు వచ్చిన అట్టపెట్టెనే చింపి, ముక్కను దూరంగా పట్టుకుని జాయింట్ల వెంట నడిపించండి. చిల్లుంటే అట్ట మీద గీత పడుతుంది. చేతి మీద చుక్కంత గాయమైనా ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుని ఊరుకోవద్దు, సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. వెళ్లగానే మూడు మాటలు చెప్పండి: పోయింది హైడ్రాలిక్ ఆయిల్, ఒత్తిడితో పోయింది, ఇన్ని గంటలయింది.