తాడు దగ్గర మామగారు

అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువాడు ఆఫీసున్న రోజున ఏడున్నరకు లేస్తాడు. లేచి, కెమెరా ఆపేసి, పళ్లు తోముకుంటూనే మొదటి మీటింగుకు హాజరవుతాడు. అదే మనిషి సెలవు పెట్టి, విమానం ఎక్కి, పెళ్లాం బిడ్డల్ని సరదాగా తిప్పడానికి ఓర్లాండో తీసుకెళ్లాడా, నాలుగున్నరకే లేచి కూర్చుంటాడు. తను లేచి ఊరుకోడు, ఇంటిల్లిపాదినీ లేపుతాడు. ఈ శ్రద్ధలో సగం ఆఫీసులో చూపించుంటే ఈపాటికి వైస్ ప్రెసిడెంటు అయ్యేవాడని భార్య అంటుంది గానీ, ఆ వేళకు ఆయన కారు డిక్కీలో మంచినీళ్ల సీసాలు సర్దుతుంటాడు. వినపడదు.

ఈ వ్రతానికి రోప్ డ్రాప్ అని పేరు. థీమ్ పార్కు తెరిచే ముందు జనాన్ని లోపలికి కొంత రానిచ్చి, ఒక తాడు అడ్డం పెట్టి ఆపుతారు. వేళ కాగానే తాడు తీస్తారు. ముందు వరసలో ఉన్నవాడు పేరున్న రైడుకు ముందు చేరి, ఎండెక్కేలోగా రెండు మూడు ఎక్కేస్తాడు. పదింటికి తాపీగా టిఫిను చేసి వచ్చినవాడు ఒక్కోదానికి గంట నిలబడతాడు. లెక్కలో తప్పేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఈ రహస్యం తెలియని మనిషి ప్రపంచంలో ఎవడూ మిగల్లేదు. జనాన్ని తప్పించుకుందామని చీకటితో వచ్చినవాళ్లంతా తాడు దగ్గర కలుసుకుని, ఆ జనం తామేనని తెలుసుకుంటారు. తెలుసుకున్నాక ఏం చేస్తారు? రేపు ఇంకో అరగంట ముందు రావాలని తీర్మానిస్తారు.

మన కథలో అల్లుడుగారు డాలస్‌లో ఉంటారు. పేరెందుకు లెండి, మీ చుట్టాల్లో ఒకరుంటారు, ఆయనే అనుకోండి. మామగారు విజయనగరంలో విద్యుత్ శాఖ ఏఈగా రిటైరైన మనిషి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆరు నెలల కోసం వచ్చిన అత్తమామల్ని నయాగరా చూపించి, న్యూజెర్సీ గుడి చూపించి, చివరికి డిస్నీ చూపించకుండా పంపితే అల్లుడి పరువు ఏం కావాలి? పెద్ద మనవడికి ఎనిమిదేళ్లు. చిన్నదానికి మూడు నిండటానికి ఇంకా పది రోజులుంది. ఈ ప్రయాణానికి ముహూర్తం పెట్టింది ఆ పది రోజులే. మూడు నిండితే టికెట్టు కొనాలి, నిండకపోతే అక్కర్లేదు.

టికెట్టంటే మాటలా! 1971 అక్టోబరు 1న ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ తెరిచిననాడు పెద్దవాళ్లకు ప్రవేశం మూడున్నర డాలర్లు. రైడ్లకు విడిగా చీటీలు కొనుక్కోవాలి, అది వేరే సంగతి. 2025లో రద్దీ రోజుల్లో అదే గేటుకు ఒక్కరోజు ధర 199 డాలర్ల దాకా పోయింది. అత్తగారు నోటిలెక్కన దాదాపు పదిహేడు వేలని తేల్చి, ‘ఒక్క రోజుకా?’ అని ఒకసారి, ‘ఒక్క మనిషికా?’ అని ఒకసారి అడిగారు. రెండింటికీ అల్లుడుగారు తలూపారు. ఆ క్షణం నుంచీ ఆ ఇంట్లో విహారం అన్న మాట పోయి గిట్టుబాటు అన్న మాట వచ్చింది. మనిషికి ఇన్ని డాలర్లు, రోజుకు ఇన్ని రైడ్లు, రైడుకు ఇంత పడింది. ఎక్సెల్ షీటు తయారైంది. అందులో ఒక రైడు నుంచి ఇంకో రైడుకు నడక ఎన్ని నిమిషాలో ఉంది, బాత్రూములు ఎక్కడెక్కడున్నాయో ఉంది. సరదా పడటానికి మాత్రం గడి లేదు.

పార్కు వాళ్లేం తక్కువ తిన్నారా? 1999లో ఫాస్ట్‌పాస్ అని మొదలుపెట్టారు. మిషన్లో టికెట్టు పెడితే ఫలానా వేళకు రమ్మని చీటీ వచ్చేది. పైసా అక్కర్లేదు. 2020లో కోవిడ్‌తో పార్కు మూతపడినప్పుడు అదీ మూతపడింది. పార్కు తెరుచుకుంది గానీ ఆ ఉచితం తెరుచుకోలేదు. 2021 అక్టోబరులో డబ్బు కట్టే పద్ధతి జీనీ ప్లస్ అన్న పేరుతో వచ్చింది. 2024 జులైలో దానికి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అని మళ్లీ బారసాల చేశారు. వరసలో నిలబెట్టేదీ వాళ్లే, వరస తప్పించేదీ వాళ్లే. బిల్లు మాత్రం రెండింటికీ వేరువేరు.

ఈ మల్టీ పాస్‌ను డిస్నీ హోటల్లో దిగేవాళ్లు వారం ముందు, బయట దిగేవాళ్లు మూడు రోజుల ముందు బుక్ చేసుకోవాలి. బుకింగ్ మొదలయ్యేది ఓర్లాండో టైములో ఉదయం ఏడింటికి. అప్పుడు డాలస్‌లో ఆరు, కాలిఫోర్నియాలో నాలుగు. అంటే ఇంకా ప్రయాణం కట్టకముందే, సొంత ఇంట్లో సొంత మంచం మీంచి పొద్దున్నే లేవడం అలవాటు చేసేస్తారు. తత్కాల్ టికెట్లు, వీసా స్లాట్లు, బెనిఫిట్ షోలు, వీటి మీద చేయి తిరిగిన జాతి మనది. అల్లుడుగారు రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నారు. తగ్గకుండా మూడు రైడ్లు దొరికాయి. ఆయన ముఖంలో ఆ వెలుగు పెళ్లినాటి ఫోటోల్లో కూడా లేదని భార్యే అంది.

ఇక ఆ తెల్లవారుజాము సంగతి. బస కిసిమ్మీలో అద్దె విల్లా. మన వాళ్లు దిగే విల్లాకు ఈత కొలను లేకపోయినా ఫరవాలేదు, పొయ్యి ఉండాలి. అత్తగారు అందరికన్నా ముందు లేచి పులిహోర కలిపారు. పార్కులోకి సొంత తిండి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు మాత్రం రానివ్వరు. అందుకని విజయనగరం నుంచి రెండు విమానాలు మారి వచ్చిన ఆవకాయ ఆ పూట సీసా వదిలి జిప్‌లాక్ కవర్లోకి దిగింది. ఆ కవర్ని ఇంకో కవర్లో, దాన్ని ఇంకో కవర్లో పెట్టారు. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు ఒక్కో కవరూ విప్పుకుంటూ పోయి, ఆఖరి కవరు దగ్గర వాసన తగిలి, ఇంక విప్పకుండా గౌరవంగా మూసేసి ఇచ్చాడు.

కారు ఆపగానే పార్కు వచ్చేసిందనుకున్నారు మామగారు. ఎక్కడ! కారు పెట్టడానికి ముప్పై డాలర్లు తీసుకున్నారు. అక్కణ్ణుంచి సరస్సు దాటాలి. దాటడానికి మోనోరైలు ఉంది, పడవ ఉంది. ఏది ముందు చేరుతుందన్న దాని మీద అల్లుడుగారికి నిశ్చితమైన అభిప్రాయం ఉంది, ఆయన భార్యకూ ఉంది, రెండూ ఒకటి కాదు. వాళ్ల చర్చ ముగిసేలోగా రెండూ వెళ్లిపోయాయి.

ఎలాగైతేనేం, ఎనిమిదిన్నరకల్లా తాడు దగ్గరికి చేరారు. ఎదురుగా 189 అడుగుల సిండ్రెల్లా కోట. చుట్టూ చెవుల టోపీలు, స్ట్రాలర్లు, నిద్రమొహాలు. మామగారు స్వెట్టరు చేతులు మడుచుకుంటూ చూస్తుండగా, పక్కనుంచి ఒక గుంపు చేతి పట్టీలు చూపించుకుంటూ దర్జాగా ముందుకు సాగిపోయింది.

‘వాళ్లెవరయ్యా, మనల్ని దాటుకుని పోతున్నారు?’

‘వాళ్లు డిస్నీ హోటల్లో దిగారు మామయ్యగారూ. వాళ్లని రోజూ అరగంట ముందు పంపిస్తారు.’

‘మరి మనం?’

‘మనం విల్లా తీసుకున్నాం కదండీ, కిచెన్ ఉంటుందని.’

మామగారు అత్తగారి వంక చూశారు. అత్తగారు కోట వంక చూశారు.

‘ఇంకా డబ్బు పెడితే?’

‘లైట్నింగ్ లేన్. టైము ప్రకారం వెళ్లాలి.’

‘ఇంకా పెడితే?’

‘ప్రీమియర్ పాస్ అని ఉంది. టైముతో పని లేదు, ఎప్పుడంటే అప్పుడు వెళ్లిపోవడమే.’

‘అలా చెప్పు! ధర్మదర్శనం, మూడొందల టికెట్టు, వీఐపీ బ్రేకు’ అన్నారు మామగారు, సగం అమెరికా అర్థమైపోయిన తృప్తితో. కాసేపాగి, ‘మరి పాలెప్పుడిస్తారు?’ అన్నారు.

తిరుమలలో కంపార్టుమెంటులో కూర్చోబెడితే పాలిస్తారు, ఉప్మా పెడతారు. పైసా తీసుకోరు. ఇక్కడ నిలబెడతారు, కాఫీకి కార్డు గీకమంటారు. మామగారి దృష్టిలో ఓర్లాండో ఆ ఒక్క మార్కు దగ్గర తప్పింది, మిగతా అన్నిట్లోనూ పాసయింది.

తొమ్మిదికి తాడు కదిలింది. పరుగెత్తవద్దని సిబ్బంది చెబుతూనే ఉన్నారు. ఎవరూ పరుగెత్తలేదు కూడా. రెండు పాదాల్లో ఒకటి నేలమీద ఉంచుతూ, మోచేతులు విదిలిస్తూ, పక్కవాడి స్ట్రాలరు చక్రానికి కాలు అడ్డం రాకుండా చూసుకుంటూ, లక్షణంగా నడిచారు. ఒలింపిక్స్‌లో నడక పందెం చూసినవాళ్లకు వివరించనక్కర్లేదు. మన ఇంటి జట్టులో అల్లుడుగారు ముందు, మనవడు ఆయన చొక్కా పట్టుకుని, చిన్నది తల్లి చంకలో. మామగారు వాకింగ్ అలవాటున్నవారు గనక నిలదొక్కుకున్నారు. అత్తగారిని మొదటి మలుపులోనే పులిహోరతో సహా వదిలేశారు.

సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ దగ్గరికి చేరేసరికి బోర్డు మీద అప్పటికే డెబ్బై నిమిషాలని ఉంది. ఆ అరగంట ముందు వెళ్లినవాళ్లు ఊరికే వెళ్లలేదు మరి. నాలుగున్నరకు లేచినవాణ్ణి ఎనిమిదింటికి హోటల్ మంచం దిగినవాడు ఓడించాడు. దీన్నే ఆర్థికశాస్త్రం అంటారు.

సరే, వరస తలకు చేరగానే అక్కడ ఎత్తు కొలిచే కర్ర. 38 అంగుళాలుండాలి. టికెట్టు తప్పించుకోవడానికి మూడేళ్లు నిండకముందే తెచ్చిన పిల్ల అంత ఎత్తెలా ఉంటుంది? తల్లి ముందు జాగ్రత్తగా మందపాటి అడుగుల బూట్లు తొడిగించింది, నెత్తిమీద పిలక కూడా నిటారుగా కట్టింది. కర్ర పట్టుకున్న అమ్మాయి నవ్వుతూ పిలకను పక్కకు వంచింది. అక్కడితో సరి. తల్లీ తండ్రీ వంతులేసుకుని ఎక్కే సదుపాయం ఉంది, అలాగే ఎక్కారు. మామగారికి బీపీ, మలుపుల రైడ్లు వద్దు. అత్తగారి మోకాళ్ల సంగతి తెలిసిందే. ఆరుగురు లేచారు, ఎక్కగలిగింది ముగ్గురు. ఎక్సెల్ షీటులో ఈ గడి ఎలా మరిచారో అల్లుడుగారికే తెలియాలి.

మధ్యాహ్నం ఫ్లోరిడా వేసవి తన పని తను చేసింది. మబ్బు కమ్మి, ఉరిమి, బయటి రైడ్లన్నీ ఆపేశారు. తెల్లారకుండా లేచిన జనమంతా కొట్ల చూరు కింద నిలబడి ఆవులించారు. పొద్దున పదింటికి వచ్చినవాళ్లు కూడా వాళ్ల పక్కనే నిలబడ్డారు, కాకపోతే ఆవులించలేదు.

మర్నాడు ఇంకో డిస్నీ పార్కు, యానిమల్ కింగ్‌డమ్. ఇది ఎనిమిదింటికే తెరుస్తారు, కాబట్టి మరో గంట ముందు లేవాలి. తాడు తీయగానే జనమంతా అవతార్ రైడు వైపు మళ్లారు. పెద్ద రెక్కల జంతువు మీద ఎగిరినట్టుంటుందట. అల్లుడుగారు అత్తమామల్ని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, ‘ఇక్కణ్ణుంచి కదలకండి మామయ్యగారూ’ అని వెళ్లిపోయారు. ఆ బెంచీ ఉన్న చోటు పేరు ఆనందపూర్.

ఈ ఆనందపూర్ కల్పించుకున్న ఊరు. భారత్, నేపాల్, థాయ్‌లాండ్, ఇండోనేషియా పోలికలు కలిపి డిస్నీ వాళ్లు కట్టుకున్నారు. ‘ఆనందపురం నాకు తెలుసు, వైజాగ్ వెళ్లేటప్పుడు జంక్షను’ అని మామగారు మొదట తేలిగ్గా తీసుకున్నారు. తరవాత చుట్టూ చూశారు. పెచ్చులూడిన గోడలు. తుప్పు పట్టిన రేకులు. రంగు వెలిసిన ప్రకటనలు. గోడకు ఆనించిన పాత సైకిలు. పూలూ లతలూ వేసిన పాత లారీ ఒకటి, అందులో ఐస్‌క్రీము అమ్ముతున్నారు. కాళీ రివర్ ర్యాపిడ్స్ అన్న బోర్డు చూసి అత్తగారు చెంపలేసుకున్నారు.

మామగారి కళ్లు మాత్రం కరెంటు స్తంభం మీదికి పోయాయి. వైర్లు చిక్కులు పడి వేలాడుతున్నాయి. అలవాటు చొప్పున లేచి, తల పైకెత్తి, ఒక్కో వైరూ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో చూపుతోనే లాగుతూ స్తంభం చుట్టూ తిరిగారు. రెండు చుట్లు తిరిగి వచ్చి కూర్చున్నారు.

‘దేనికీ కనెక్షన్ లేదే’ అన్నారు భార్యతో, గొంతు తగ్గించి.

‘పోనివ్వండి. మీకెందుకు?’

‘అది కాదు. ముప్పయ్యేళ్లు ఈ చిక్కులు విప్పడానికే నాకు జీతమిచ్చారు. వీళ్లు డబ్బిచ్చి మరీ చిక్కులు వేయించారు. తుప్పు కూడా పూయించిందే, పట్టింది కాదు.’

ఆ పక్కనే మంచుకొండ రైడులో ఒక పెద్ద యేతి బొమ్మ ఉంది. 2006లో పెట్టారు. కొద్దికాలానికే కదలడం మానేస్తే, ఏళ్ల తరబడి దాని మీద లైటు మినుకు మినుకుమనిపించి కదులుతున్నట్టు నెట్టుకొస్తున్నారని మనవడు వచ్చి చెప్పాడు. మామగారు మొదటిసారి ఆ దేశం మీద ఆత్మీయత ప్రకటించారు. ‘ఎస్టిమేటు పైకి పంపే ఉంటార్రా. శాంక్షన్ రావాలి కదా.’

ఆ రాత్రి అత్తగారు వీడియోకాల్లో బొబ్బిలిలో ఉన్న చెల్లెలితో మాట్లాడారు. పక్కన సోఫాలో అల్లుడుగారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు, ఫోను ఛాతీ మీద, మర్నాటి అలారాలు మూడు పెట్టుకుని.

‘ఏం చూశారే అక్కా?’

‘ఆనందపురం చూశాం. గోడలు పెచ్చులూడి, వైర్లు వేలాడుతూ, అచ్చం మన బస్టాండు వెనక సందే.’

‘టికెట్టెంతటే?’

అత్తగారు చెప్పారు.

బొబ్బిలి వైపు నుంచి కాసేపు ఏమీ వినపడలేదు. సిగ్నలు పోయిందేమోనని అత్తగారు ఫోను కొట్టి చూశారు. పోలేదు.

‘మీ మరిదిగారితో అనకు’ అంది చెల్లెలు. ‘మునిసిపాలిటీ వాళ్లు మా సందు బాగుచేయడం లేదని పొద్దుటే అర్జీ పెట్టొచ్చారు.’