పట్టూ విడుపూ

విశ్వవిద్యాలయంలో నాస్తిక సంఘం నడిపేవాడికి దేవుడితో పేచీ ఉండదు. ఆయన మాకు ఎన్నడూ అడ్డు రాలేదు. పేచీ అంతా సెమినార్ హాలు తాళంతోనే. తాళం చేతికి రావాలంటే శాఖాధిపతి సంతకం చేయాలి, ఆయన సంతకం చేయాలంటే డీన్ గారి అనుమతి చూపాలి, డీన్ గారు అనుమతించాలంటే ‘ఇది ఏ మతానికీ సంబంధించిన కార్యక్రమం కాదు’ అని మేం కాగితం రాసివ్వాలి. ఆ కాగితాన్ని మా అంత నిజాయితీగా ఆ క్యాంపస్‌లో ఇంకెవరూ రాసిచ్చి ఉండరు.

కోస్తాలో ఒక విశ్వవిద్యాలయం మాది. నేను సంఘానికి కోశాధికారిని. కోశం అంటే ఒక రసీదు పుస్తకం, బిస్కెట్ల డబ్బాలో కాస్త చిల్లర, ఒక కర్పూరం ప్యాకెట్టు. జాబితాలో 60 పేర్లుండేవి. శుక్రవారం సాయంత్రం సమావేశానికి 10 మంది వస్తే ఆ రోజు టీ ఖర్చు నాకు గుండెదడ. పరీక్షలు దగ్గరపడితే ఆ పది కూడా పలచబడేది. హాల్ టికెట్లు ఇచ్చిన రోజు గేటు ఎదుట ఆంజనేయస్వామి గుడి దగ్గర మా సభ్యులిద్దరు ఎదురుపడి, ఒకరి నుదుటి సిందూరం ఒకరు చూసుకుని, మాటా పలుకూ లేకుండా చెరో దారిన వెళ్లారని ఒక పుకారు ఉండేది. పుకారు అని ఎందుకంటున్నానంటే వాళ్ల పేర్లు నాకు తెలుసు కాబట్టి.

వినాయక చవితి చందాకి వచ్చిన కుర్రాళ్లు మా రసీదు పుస్తకం చూసి, “మీరు మాకో యాభై రాయండన్నా, మేం మీకో యాభై రాస్తాం” అన్నారు ఒకసారి. లెక్క సరిపోతుంది, స్నేహమూ మిగులుతుంది. మా అధ్యక్షుడు ఒప్పుకోలేదు. సిద్ధాంతం సిద్ధాంతమే అన్నాడు.

ఆయన అంతే. జంతుశాస్త్రంలో పరిశోధక విద్యార్థి. క్యాంపస్ మొత్తానికీ ప్రెసిడెంటన్న. వైస్ ఛాన్సలర్‌కి రాసే ప్రతి అర్జీ నెత్తిమీదా రాజ్యాంగం 51ఎ(హెచ్) అధికరణం రాసేవాడు. శాస్త్రీయ దృక్పథాన్నీ మానవతావాదాన్నీ పెంపొందించుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణతో చేరిన మాట అది. గుమాస్తాలు ఆ నంబరు చూసి ఏదో జీవో అనుకుని ఫైలు కదిపేవారు.

కొత్త విద్యార్థులు చేరగానే, బాబాల మహిమల గుట్టు విప్పిన ప్రేమానంద్ గారి తరహాలో గారడీల ప్రదర్శన పెట్టేవాళ్లం. వెలిగించిన కర్పూరం బిళ్లని అరచేతుల మధ్య మార్చి మార్చి, నాలుక మీద పెట్టుకుని, టక్కున నోరు మూసేవాడు ప్రెసిడెంటన్న. మంట పైపైన ఉంటుంది, నాలుక తడిగా ఉంటుంది, నోరు మూస్తే గాలందక ఆరిపోతుంది, ఇందులో మహిమ ఎక్కడుంది అని అడిగేవాడు. ఆడపిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆగస్టు 20న మాత్రం గారడీలుండవు. 2013లో అదే తేదీన పుణేలో పొద్దున నడకకి బయల్దేరిన, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని కాల్చి చంపారు. ఆ సాయంత్రం హాలు నిండేది, టీ ఎవరూ అడిగేవారు కాదు.

అయితే ప్రెసిడెంటన్న అసలు ప్రతిభ నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కథ చెప్పడంలో ఉంది. దేవుడి మీద వ్యాసం రాసినందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకోవడం, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టడం, ఆ లవణం గారు 1960లో జాషువా గారమ్మాయి హేమలతని పెళ్లాడడం, అన్నీ కళ్లకు కట్టేవి. చివర్న గొంతు తగ్గించి సరస్వతీ గోరా గారి దగ్గరికి వచ్చేవాడు. “కడుపుతో ఉండి గ్రహణం చూశారు ఆవిడ. గుర్తుపెట్టుకోండి, ఇంకొకరిని ముందుకు తోయలేదు, తానే నిలబడ్డారు.” ఈ మాట దగ్గర జూనియర్లు నోట్సు రాసుకునేవారు.

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం. క్రిస్మస్ మర్నాడు. కేరళ, తమిళనాడుల్లో కొన్ని ఊళ్లకి కంకణంలా కనిపిస్తుంది, మనకి పాక్షికం. పొద్దున 8 దాటాక పట్టు, 11 దాటాక విడుపు. దాదాపు గుళ్లన్నీ మూస్తున్నారు, శ్రీకాళహస్తి లాంటివి తప్ప. అక్కడ రాహుకేతువులు ఇంటి మనుషులే కాబట్టి తలుపులు తెరిచే ఉంటాయి. మా మెస్ కాంట్రాక్టరు మాత్రం శ్రీకాళహస్తి వాడు కాడు. టిఫిన్ 7 లోపు, భోజనం ఒంటిగంట తర్వాత అని నోటీసు అంటించి, ఆవకాయ జాడీల మీద దర్భపుల్లలు వేయించాడు.

సంఘానికి ఇంతకంటే మంచి రోజు రాదు. వారం ముందే ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి చూపించాం. గ్రహణం లేదు, గ్రహణం ఛాయ లేదు, మంగళవారం మధ్యాహ్నం, రోకలి బుద్ధిగా నిలబడింది. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుందని చెప్పాం. అందరూ సరేనన్నారు. సరేనని, గ్రహణం రోజు కూడా నిలబెడతారా అని అడిగారు.

రోకలితో పని కాదు, గర్భిణి కావాలన్నాడు ప్రెసిడెంటన్న. లైబ్రరీ ముందు పచ్చిక మీద, నడిగ్రహణంలో, అందరి ఎదుటా ఒక గర్భిణీ సోదరి ఇడ్లీ తినాలి. ఫ్లెక్సీ కూడా అలాగే రాయించేశాం. గర్భిణి ఒక్కతే దొరకాలి.

మాకు సలహాదారుగా ఉన్న ప్రొఫెసర్ గారి భార్యకి ఆరో నెల. “నాకు అభ్యంతరం లేదయ్యా, మా అమ్మ ఊరినుంచి వచ్చి ఉంది” అన్నారాయన. హేతువాదం మీద పుస్తకం రాసిన పూర్వ విద్యార్థి ఒకాయన కోడలు ఉంది. “అమ్మాయి వైపు వాళ్లు ఏమంటారో” అన్నాడు. మా సంఘంలోనే పెళ్లయిన ఒక పరిశోధక విద్యార్థిని ఉంది. ఆమె డేట్ దగ్గర పడిందని పుట్టింటికి వెళ్లిపోయింది, ఆ వారమే. ప్రెసిడెంటన్న వీళ్లందరి మీదా మండిపడ్డాడు. “ఇంటి గుమ్మం దాటని నాస్తికత్వం ఇది” అన్నాడు. అంతకు నెల ముందే వాళ్ల అక్క సీమంతానికి ఊరెళ్లొచ్చి, గాజులు తొడిగే తంతు ఎంత అశాస్త్రీయమో వివరిస్తూనే మా అందరికీ సున్నుండలు పంచాడు. సున్నుండలు మాత్రం చాలా బాగున్నాయి.

చివరికి దొరికింది మా హాస్టల్ ఊడ్చే అక్క. ఏడో నెల. ప్రెసిడెంటన్న రెండు చేతులూ జోడించి అడిగాడు. శాస్త్రం చెప్పాడు, సమాజం చెప్పాడు, సరస్వతమ్మ గారి గురించి చెప్పాడు. ఆవిడ చీపురు పక్కన పెట్టి అంతా విని, ఒకటే అడిగింది.

“ఆ గంటా మేస్త్రీ ఆబ్సెంటు ఎయ్యకుండా మాట్టాడతారా బాబూ?”

మాట్లాడాం. నేనే వెళ్లి మాట్లాడాను. మేస్త్రీ సగం పూటకి ఒప్పుకున్నాడు.

ఆ పొద్దున ప్రెసిడెంటన్న ఫోను ఆగకుండా మోగింది. మోగినప్పుడల్లా నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి, గొంతు తగ్గించి మాట్లాడి వచ్చేవాడు. “ఎవరన్నా?” అంటే విలేఖరులు అన్నాడు. అంతమంది విలేఖరులు మా జిల్లాలో ఉన్నారా అని ఆశ్చర్యపోయాను గానీ, మైకు సెట్టువాడు అడ్వాన్సు మీద పేచీ పెట్టడంతో ఆ ఆలోచన అక్కడే ఆగింది. టిఫిన్ బండి అతను కూడా ఒక షరతు పెట్టాడు. ఇడ్లీలు 7 గంటలకే దించేస్తాడట, ఆ తర్వాత పొయ్యి ముట్టించడట. కాబట్టి అంధవిశ్వాసాల మీద మా యుద్ధం చల్లారిన ఇడ్లీలతో మొదలైంది.

జనం బాగానే వచ్చారు. తినడానికి కాదు, తింటే ఏమవుతుందో చూడడానికి. గ్రహణం కళ్లజోళ్లు కొన్నీ, పద్నాలుగో నంబరు వెల్డింగ్ గాజు ఒకటీ చేతులు మారుతున్నాయి. తొమ్మిదిన్నర ప్రాంతానికి ఎండ పాలిపోయింది. ఉన్న విలేఖరి ఒకడే, ముందు వరుసలో కూర్చుని ఇడ్లీ వద్దన్నాడు, ఇంట్లో తినే వచ్చానన్నాడు.

ప్రెసిడెంటన్న ఆ రోజు మాట్లాడినంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. గ్రహణం మొర్రి అంటారే, అది గ్రహణం వల్ల రాదు. కడుపులో బిడ్డకి ముఖం తయారయ్యేటప్పుడు అటూ ఇటూ నుంచి పెరుగుతూ వచ్చిన భాగాలు మధ్యలో కలుసుకోవాలి. కలవకపోతే పెదవి చీలి ఉంటుంది. వంశంలో ఉండొచ్చు, తల్లి వాడిన కొన్ని మందులు కావచ్చు, పొగాకు కావచ్చు. ఆ పెదవి రెండు నెలలు నిండకముందే రూపు కట్టేస్తుంది. “ఆరో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఉన్న తల్లిని చీకటి గదిలో పడుకోబెట్టి, కిటికీలు మూసి, కదలొద్దు మెదలొద్దు అనేవాళ్లు ఆలోచించాలి. ఎప్పుడో అతుక్కున్న పెదవిని ఇవాళ సూర్యుడు వచ్చి చీలుస్తాడా?” అని అడిగాడు. వెనక వరుసలో చప్పట్లు మొదలయ్యాయి. నాకే ఒళ్లు జలదరించింది.

అక్క కుర్చీలో కూర్చుని, ఆకులో ఇడ్లీ పెట్టుకుని తిన్నది. మూడేళ్ల పిల్ల ఒకతె ఆమె మోకాళ్లకి ఆనుకుని నిలబడి తనూ తిన్నది. మా ఫోన్లన్నీ లేచాయి. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని లేవబోతుంటే, ప్రెసిడెంటన్న మైకు ఆవిడ చేతికిచ్చాడు. అది కార్యక్రమంలో లేదు. ఊపులో ఇచ్చాడు.

“చెప్పమ్మా. ఇంతమంది చదువుకున్నవాళ్లకి లేని ధైర్యం నీకెలా వచ్చింది? నీకు భయం లేదా?”

ఆవిడ మైకుని చూసి, జనాన్ని చూసి, కొంగు సర్దుకుంది.

“బయం లేకేంటి బాబూ. మా అత్తకీ బయమే, నాకూ బయమే. బయమని ఇంటికాడ కూకుంటే రోజు కూలి పోద్ది. గ్రహణానికి మాకు సెలవెవరిస్తారు?” పిల్ల తల మీద చెయ్యి వేసింది. “ఇది కడుపున ఉన్నప్పుడూ పట్టింది. శివరాత్రి ఎల్లిన అమాసకి. తెల్లారగట్ట మీ హాస్టలు మెట్లే ఊడుస్తా ఉన్నాను. అప్పుడెవరూ ఫొటో తియ్యలేదు.”

2016 మార్చి 9. మన తీరంలో ఆ పొద్దున సూర్యుడు గ్రహణంతోనే పొడిచాడు. జనమంతా ఆ పిల్ల మూతి వంక చూశారు. పిల్ల చట్నీ నాకుతోంది. పెదవి నిండుగా, చక్కగా ఉంది. మా గారడీలు, మా రోకలి, మా 51ఎ(హెచ్) ఏవీ చేయలేని పని ఆ చట్నీ మూతి చేసింది. అంతవరకూ చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఇడ్లీ అడగడం మొదలుపెట్టారు. విలేఖరి కూడా లేచాడు.

ప్రెసిడెంటన్న కళ్లు చెమర్చాయి. అలాంటి ఘడియ సంఘానికి మళ్లీ రాదని ఆయనకి తెలుసు. ఇంకొక్క ప్రశ్న అడిగాడు.

“ఇవాళ ఈ రాష్ట్రంలో ఎన్ని ఇళ్లలో ఎంతమంది గర్భిణులు తలుపులు వేసుకుని వణుకుతున్నారో. వాళ్లందరికీ నీ మాటగా ఏం చెబుతావమ్మా?”

“నేనేం జెబుతాను బాబూ, సదువుకున్నోళ్లు మీరు” అంది ఆవిడ మొహమాటంగా. “పొద్దున్నే ట్యాంకు ఎనకాల నీళ్లు పట్టుకుంటా ఉంటే ఇన్నాను, మీ అక్కగారికి ఫోన్లో జెప్పారు గదా, కిటికీ తలుపులు కూడా ఏసుకో, కత్తిపీట ముట్టుకోమాక, పదకొండున్నర దాకా మంచం దిగమాక అని. అది జెప్పమంటారా? ఇడ్లీ తినమని జెప్పమంటారా?”