అరవై మూడు కిలోమీటర్ల లెక్క

"కొత్త కారు చేతికొచ్చేటప్పటికి మీటరు మీద ఎన్ని కిలోమీటర్లు ఉండాలె?"

2024 శ్రావణ మాసంలో, డెలివరీకి ముందురోజు రాత్రి మా బావ ఫోన్ చేసి అడిగిన మాట ఇది. బావ అంటే మా పెద్దమ్మ అల్లుడు. శామీర్‌పేటలో ఇల్లు, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం. నేను కార్ల సర్వీసింగ్ పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి మా చుట్టాల్లో ఎవరు బండి కొన్నా ముందు నా చెవిన వేస్తారు.

"సున్నా మాత్రం ఉండదు బావా. యాభై లోపుంటే మాట్లాడకుండా తీసుకో. వంద దాకా ఉంటే లెక్క అడుగు. నూట యాభై దాటితే తాళాలు ముట్టుకోకు" అన్నాను.

"సున్నా ఎందుకుండదు? పద్నాలుగు లక్షలు పోసి కొంటున్న. నాకంటే ముందు ఇంకోడు ఎందుకు నడపాలె?"

అడగవలసిన ప్రశ్నే. చాలామంది అడగరు. పూలదండ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, ఫొటోల హడావిడిలో మీటరు వైపు చూడటమే మరిచిపోతారు. ఇంటికెళ్ళి చూసుకొని గుండె పట్టుకుంటారు. అందుకే ఆ రాత్రి బావకు ఓపిగ్గా చెప్పుకొచ్చాను. కారు తయారవగానే ఫ్యాక్టరీలోనే రోలర్ల మీద చక్రాలు తిప్పి బ్రేకులు, ఇంజను పరీక్షిస్తారు. తర్వాత ట్రాకు మీద కాస్త నడుపుతారు. మీటరు అక్కడే కదలడం మొదలుపెడుతుంది. 2019 నుంచి కియా కార్లు తయారవుతున్న మన పెనుకొండ నుంచి రానీ, తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు నుంచి రానీ, ఢిల్లీ పక్కన మానేసర్ నుంచి రానీ, ఆ దూరమంతా ట్రైలర్ మీదే కాబట్టి కారు మీటరుకు ఎక్కదు. ట్రైలర్ దిగాకే మళ్ళీ లెక్క మొదలవుతుంది.

ఆ లెక్క మేడ్చల్ ప్రాంతంలో ఉన్నవాళ్ళకు కళ్ళెదుటే కనిపిస్తుంది. కొంపల్లి దాటి కండ్లకోయ మీదుగా మేడ్చల్ వైపు వెళ్తుంటే నాగ్‌పూర్ హైవే పక్కన రెండంతస్తుల కార్ ట్రైలర్లు ఆగి ఉంటాయి. నగరంలో షోరూం ఉన్నవాడికి వందల కార్లు పెట్టుకునే చోటు నగరంలో దొరకదు. అందుకే ఊరి బయట ఎకరాల లెక్కన జాగా తీసుకొని స్టాక్ యార్డు పెట్టుకుంటారు. అక్కడి నుంచి వర్క్‌షాపుకు, వర్క్‌షాపు నుంచి షోరూముకు బండిని మనిషి నడిపి తేవాల్సిందే. ఆ నడిపేవాళ్ళు యార్డు డ్రైవర్లు. రోజంతా కొత్త కార్లలోనే ఉంటారు, ఇంటికి మాత్రం షేర్ ఆటోలో పోతారు.

మర్నాడు పొద్దున బావ పాత కారులోనే బయల్దేరాం. ఏపీ 28 నంబరున్న డీజిల్ బండి, రాష్ట్రం విడిపోక ముందు కొన్నది. శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి మేడ్చల్ వైపు పోతుంటే బావ డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేసి, "లక్షా ముప్పై ఒక్క వేలు తిరిగింది చూడు. ఒక్కనాడు రోడ్డు మీద నిలబెట్టలే" అన్నాడు. నిజమే. ఆ బండిని ఆయన చాలా శ్రద్ధగా చూసుకున్నాడు.

షోరూములో కారుకు ఎర్ర గుడ్డ కప్పి పెట్టారు. బావ అటు చూడకుండానే తలుపు తీసి, కూర్చొని, స్టార్ట్ నొక్కాడు. మీటరు మీద 63.

"ఇదేంది?"

సేల్స్ అమ్మాయి నవ్వుతూ "అది నార్మలే సార్" అంది. అక్కడ మొదలైంది. బావ గొంతు పెరిగింది, మేనేజరు వచ్చాడు. అక్కడ డెలివరీ తీసుకుంటున్న ఇంకో కుటుంబం కొబ్బరికాయ చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

నేను ఈలోపు బండి చుట్టూ తిరిగి చూశాను. టైర్ల మీద సన్నని రబ్బరు నూగు చెక్కుచెదరలేదు. టైరు పక్కన అచ్చులో 1824 అని ఉంది, అంటే 2024లో 18వ వారం తయారీ. సేల్ సర్టిఫికెట్‌లో బండి తయారైన నెల కూడా దానికి సరిపోయింది. ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలూ కాగితంతో పోల్చి చూశాను. పెడళ్ళ రబ్బరు గరుకుగా ఉంది. బావను పక్కకు పిలిచి, "బండి కొత్తదే, అనుమానం లేదు" అని చెప్పాను.

"నువ్వు ఊకో. వీళ్ళ సంగతి నీకు తెల్వదు. నూట అరవై మూడును అరవై మూడు చేసుంటరు. ల్యాప్‌టాప్ తగిలిస్తే పావుగంట పని."

ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేను. అంబాసిడర్ల కాలంలో గేర్‌బాక్స్ నుంచి మీటరుకు కేబుల్ వచ్చేది, దాన్ని విప్పేస్తే బండి ఎంత తిరిగినా అంకె కదిలేది కాదు. ఇప్పుడు అంకె చిప్పులో ఉంటోంది. చిప్పులో అంకె మార్చే పరికరాలూ వచ్చాయి. అమెరికాలో 1972లోనే మీటరు తిప్పడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చారంటే ఈ రోగం ఎంత పాతదో తెలుస్తుంది. పైగా రిజిస్ట్రేషన్ కాని బండిని డీలరు ట్రేడ్ సర్టిఫికెట్ మీద రోడ్డెక్కించేది యార్డు నుంచి తేవడానికి, పరీక్షించడానికి, కొనేవాళ్ళకు చూపించడానికి వంటి పనులకే తప్ప షికార్లకు కాదు. డెమోకు తిప్పిన కారైతే ఆ మాట చెప్పి, ధర తగ్గించి అమ్మాలి. కొత్తదని అంటగడితే అది మోసమే. కాబట్టి కొనేవాడు అడగడంలో తప్పు లేదు. అడిగే తీరులోనే తేడా వచ్చింది.

మేనేజరు బండి తెచ్చిన డ్రైవరును పిలిపించాడు. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. ఖాకీ చొక్కా, చేతిలో తుడుపు గుడ్డ.

"ఎవర్నెవర్ని ఎక్కించుకొని తిరిగినవురా నా బండిల? శామీర్‌పేట చెర్వు కాడికి పోయిన్రా, డీర్ పార్కుకు పోయిన్రా?"

ఆ అబ్బాయి ముఖం ఎర్రబడింది. జవాబు చెప్పకుండా జేబులోంచి చిన్న నోట్‌బుక్కు తీశాడు. చెమటకు అట్ట మెత్తబడిపోయింది. పేజీలు తిప్పి, బావ బండి ఛాసిస్ నంబరు చివరి అయిదంకెలున్న పేజీ దగ్గర ఆపి, వేలు పెట్టి చదివాడు.

"ట్రైలర్ దిగినప్పుడు ఏడు ఉండె సార్. యార్డు నుంచి వర్క్‌షాపుకు పద్నాలుగు, ఇరవై ఒకటి. అక్కడ చెక్ చేసి మెకానిక్ సారు ట్రయల్ కొట్టిండు, అయిదు. ఇరవై ఆరు. అప్పటికి డెలివరీ డేట్ గూడ అయింది. మీరు ఆషాఢంల తీస్కోను, శ్రావణంల తీస్కుంట అన్నరంట. వర్క్‌షాపుల జాగ లేదని మళ్ళ యార్డుకు తీస్కపోయిన, పద్నాలుగు. మళ్ళ మొన్న తెచ్చిన, పద్నాలుగు. యాభై నాలుగు. పెట్రోలు బంకు, సీటు కవర్ల షాపు కలిపి నాలుగు. వర్క్‌షాపు నుంచి ఈడికి అయిదు. అరవై మూడు."

అడుగడుగునా తేదీ ఉంది, టైము ఉంది. యార్డు గేటు దగ్గరి రిజిస్టరులో కూడా ఇవే అంకెలుంటాయన్నాడు. మేనేజరు ఫోన్ చేసి అడిగితే గేటు మనిషి అవే చదివాడు. ఆషాఢం వల్ల పెరిగిన ఇరవై ఎనిమిది తీసేస్తే ముప్పై అయిదే. అంతకంటే శుభ్రమైన లెక్క నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ చూడలేదు.

బావ ఒప్పుకోలేదు. రాసుకున్నంత మాత్రాన నిజమైపోతుందా అన్నాడు. గంట గడిచింది. చివరికి షోరూం వాళ్ళు ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాపులు ఉచితంగా ఇస్తామన్నారు. "అవి సరే, వీడు నాకు సారీ చెప్పాలె" అని పట్టుబట్టాడు. మేనేజరు ఆ అబ్బాయి వైపు చూశాడు. ఆ అబ్బాయి చేతిలోని గుడ్డ పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, "సారీ సార్" అన్నాడు. అప్పుడు కొబ్బరికాయ కొట్టారు.

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. బయటికొచ్చి చూస్తే ఆ అబ్బాయి నీళ్ళ డ్రమ్ము దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. "ఈ నోట్‌బుక్కు అలవాటు ఎక్కడిది?" అని అడిగాను.

"మా నాయినది సార్. ఛాసిస్ డ్రైవరు."

ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. ఈ హైవే మీద ఉండేవాళ్ళకు ఛాసిస్ బళ్ళు కొత్త కాదు. క్యాబిన్ లేని కొత్త లారీలు వరసగా పోతుంటాయి. ముందు అద్దం ఉండదు, పైన కప్పు ఉండదు. ఎండైనా వానైనా డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకొని, కళ్ళజోడు పెట్టుకొని, చెక్క సీటు మీద కూర్చొని నడుపుతాడు. జంషెడ్‌పూర్‌లో ఎక్కితే హైదరాబాదు చేరేసరికి మీటరు వెయ్యి దాటుతుంది. లారీ కొన్నవాళ్ళు ఆ వెయ్యికి వంక పెట్టరు, బండి అలాగే వస్తుందని వాళ్ళకు తెలుసు. కానీ డీజిల్ ఇచ్చేది కిలోమీటర్ల లెక్కన. ఒక్క పది తేడా వచ్చినా డ్రైవరు జేబులోంచే పోతుంది. అందుకని వాళ్ళ నాన్న ప్రతి టోల్ గేటు దగ్గరా, ప్రతి బంకు దగ్గరా మీటరు రాసుకునేవాడట. "మీటరు మీద ఉన్నదే మన మాట అనేటోడు సార్" అన్నాడు. నా ఫోన్ నంబరు ఇచ్చి, ఏదైనా అవసరమైతే చెయ్యమన్నాను.

దసరా అయిన తర్వాత ఆ అబ్బాయి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. కారు కొన్నాడట. రోజూ మందిబండ్లు నడుపుతున్నాం, మనకూ ఒకటి ఉండాలని చిట్టీ ఎత్తుకున్నాడట. "మీరొకసారి చూసి సర్వీసుకు ఏమేం చెయ్యాల్నో చెప్పాలె సార్" అన్నాడు. నాకు చాలా సంతోషమేసింది. ఆ ఆదివారమే మేడ్చల్ వెళ్ళాను.

ఇంటి ముందు వేపచెట్టు కింద బండి. బంతిపూల దండ ఇంకా వాడలేదు. వాళ్ళ అమ్మ పసుపు కుంకుమ పెట్టి, గుమ్మంలో నిలబడి చూస్తోంది. దగ్గరికి వెళ్తుండగా నంబరు కనిపించింది. ఏపీ 28.

తలుపు తీసి తాళం తిప్పాను. మీటరు మీద 58,214.

ఆర్సీ అడిగి చూశాను. అందులో బావ పేరుంది, ఛాసిస్ నంబరుంది, ఇంజన్ నంబరుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసే గడి మన ఆర్సీలో ఉండదు.

బానెట్ ఎత్తాను. ఇంజన్ అంతా వాటర్ వాష్ చేయించి పాలిష్ కొట్టి ఉంది. రేడియేటర్ పైనుండే పట్టీకి ఒక మూలన, ఆయిల్ మార్చినప్పుడు అంటించే చిన్న కాగితం మడ్డి పట్టి ఉండిపోయింది. బొటనవేలితో తుడిచాను. బాల్‌పెన్నుతో రాసిన అంకెలు బయటపడ్డాయి. ఆయిల్ మార్చినది 1,27,400 దగ్గర. మళ్ళీ మార్చవలసినది 1,37,400 దగ్గర.

ఆ అబ్బాయి అటువైపు నిలబడి అద్దం తుడుస్తున్నాడు. "సార్ నన్ను గుర్తుపట్టిండు సార్. పాత సంగతి మనసుల పెట్టుకోకు అని పదివేలు తగ్గించిండు గూడ. యాభై ఎనిమిది వేలే తిరిగింది, డీజిల్ బండికి అదేం లెక్క అన్నడు."

"పైసలన్నీ ఇచ్చేసినవా?"

"మొత్తం ఇచ్చిన సార్. నాలుగు లక్షలు."

"కొనేముందు ఎవరన్నా మెకానిక్‌కు చూపించినవా?"

"మా అమ్మ గూడ గదే అడిగింది సార్, ఎవరికన్నా చూపియ్యిరా అని. ఎందుకమ్మా అన్న. కొత్త బండి మీద అరవై మూడు కిలోమీటర్లకే గంటసేపు లెక్క అడిగిన సారు. ఆయన సొంత బండి మీటరు తప్పుంటదా?"