చూరులో గాలం కర్ర

నేను గాలం కర్రను. వెలిగొండ లోయలో పుట్టిన సాధనపు వెదురును. మా జాతి వెదురుకు లోపల బోలు ఉండదు, ఉన్నా సన్నం. అందుకే ఎంత వంచినా విరగం. నన్ను నరికిందీ, నిప్పు సెగకు వంకర తీసిందీ, కణుపులు చెక్కి నూనె పట్టించిందీ చెప్పుకోదగ్గ కథ కాదు. కొసకు నైలాన్ దారం కట్టారు, దానికి ఉక్కు గాలం బిగించారు. నాకు ప్రాణం వచ్చింది మాత్రం చెరువు కట్ట మీదే.

నెల్లూరు అంటే పైప్రాంతం వాళ్లకు సముద్రపు చేప గుర్తొస్తుంది. మా పడమటి మెట్టకు సముద్రం దూరం. ఉదయగిరి దుర్గం చుట్టూ కొండవాగులు, గండిపాలెం దగ్గర పిల్లాపేరు మీద కట్టిన జలాశయం, ఆత్మకూరు పక్క వానకు నిండి వేసవికి నెర్రెలిచ్చే చెరువులు, అనంతసాగరం మండలంలో పెన్నకు అడ్డంగా సోమశిల. మాకున్న నీళ్లు ఇవీ. సోమశిలలో 78 టీఎంసీలు పడతాయి. అక్కడ పుట్టి ఎక్కి బొచ్చెకూ శీలావతికీ వలలు వేస్తారు. వల పనిలో నాకు చోటు లేదు. నాది చెరువు. నాది కొర్రమీను.

కొర్రమీను ఒట్టి మొప్పలతో బతికే చేప కాదు. నీటి మీదికొచ్చి గాలి మింగుతుంది. పైకి రానీయకుండా నీళ్లలోనే అదిమిపెడితే ఊపిరాడక చచ్చిపోతుంది. చెరువు ఎండితే బురదలోకి దూరి, తడి ఉన్నన్నాళ్లూ ప్రాణం నిలుపుకొంటుంది. మూడేళ్లు వాన మొహం చాటేసినా, నాలుగో ఏడు నీళ్లు చేరగానే ఎక్కడినుంచో కనబడే చేప అది. కరువు సీమకు తగిన చేప. తెలంగాణ దాన్ని తన రాష్ట్ర చేపగా ఎంచుకుందని విన్నప్పుడు నాకెంత సంతోషమైందో.

మా పెద్దాయన దాన్ని పట్టే తీరు చూడాలి. పొద్దు పొడవకముందే కట్ట దిగి, తామరాకుల అంచున కదలకుండా నిలబడేవాడు. వానపాము ఎరకైతే నెమలీక బెండు కట్టేవాడు గానీ, కప్ప ఎరకు బెండు తీసేసేవాడు. చిన్న కప్పను గాలానికి గుచ్చి, నా కొసను అల్లాడించి, దాన్ని ఆకు మీంచి ఆకు మీదికి దుమికించేవాడు. కొర్రమీను వచ్చేముందు ఒక ఆకు కాడ అదురుతుంది. తర్వాత నీళ్లు పగిలిన చప్పుడు. అప్పుడు లాగకూడదు. లాగితే సగం నమిలిన కప్పే చేతికొస్తుంది. దారం పక్కకు నడవడం మొదలయ్యేదాకా ఆగాలి. ఆ ఆగడంలో ఆయన చెయ్యి వణికేది, ఆ వణుకు నా మొదలునుంచి కొసదాకా పాకేది. ఆ తర్వాత ఒక్క ఎత్తు. నేను విల్లులా వంగి, మళ్లీ నిటారుగా లేచేసరికి చేప గట్టు మీద పడి ఉండేది. అట్లా లేచిన ప్రతిసారీ నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

సంక్రాంతి పండగకు చెరువు కట్ట మీద పందెం నడిచేది. దానికి పేరు లేదు, కప్పు లేదు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఎవరి గాలం కర్ర వాళ్లు తెచ్చుకునేవాళ్లు. పొద్దు పొడుపుతో మొదలు, ఎండ నడినెత్తికి రాగానే ఆపాలి. కూరగాయలమ్మే ఆమె తక్కెడ తెచ్చి తూచేది. ఎక్కువ తూగినవాడికి ఒక కోడిపుంజు, లేకుంటే ఒక తువ్వాల. అంతే.

సంక్రాంతికే ఎందుకంటే దానికొక లెక్క ఉంది. మాకు వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాలకు, అక్టోబరు మొదలు డిసెంబరు దాకా. కొత్త నీళ్లు చేరగానే కొర్రమీను జంట కడుతుంది. గడ్డి మధ్య కాస్త చోటు చదును చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా, గుంపుగా, ఒకేసారి గాలికి పైకొస్తాయి. ఆ చోట నీళ్లు చిటపటలాడతాయి. అమ్మానాన్నలు రెండూ కిందే తిరుగుతూ కాపలా కాస్తాయి. దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తాయి. ఆకలై కాదు, పిల్లల కోసం. ఆ వేళ దాన్ని పట్టడమంత సులువు ఇంకొకటి లేదు. ఎర్రగుంపు మధ్యలోకి ఏ ఎర జారవిడిచినా తల్లో తండ్రో వచ్చి పడుతుంది. పండగనాటికి చాలావరకు పిల్లలు విడిపోయి ఉంటాయి. ఆలస్యంగా పెట్టిన జంటలు ఒకటీ అరా మిగిలితే వాటి జోలికి పోకూడదన్నది కట్ట మీద కట్టుబాటు. రాసిపెట్టినవాడు లేడు. తప్పినవాడి చేపను తక్కెడలో పెట్టనిచ్చేవాళ్లు కాదు.

పెద్దాయన కళ్లు మసకబారాక నేను ఆయన కొడుకు చేతికి వచ్చాను. అతనికి కట్ట మీద నిలబడే ఓపిక లేదు. మొదటి వానలకే ఎర్రగుంపుల్ని వెతుక్కుంటూ పోయేవాడు. ఒక పొద్దు నా కొసను సరిగ్గా ఒక గుంపు మీదికి చాచాడు. తల్లి వచ్చి కరిచింది. గట్టు మీద వేసి, మళ్లీ అక్కడే జారవిడిచాడు. తండ్రి వచ్చి కరిచింది. నేను వెనక్కి వంగుదామన్నా నా చేతుల్లో ఏముంది? లకుముకి పిట్టలు, కొంగలు, తక్కిన చేపలు ఆ గుంపును అరపూటలో ఖాళీ చేశాయి. నీళ్ల మీద ఎరుపు చెదిరి, సన్నబడి, పోయింది. నా ఆయుష్షులో నేను చేసిన పనులన్నింటిలో నాకు మానని గాయం అదొక్కటే. అది నా పని కాదని ఎంత అనుకున్నా.

ఆ తర్వాత చెరువును వేలం పాడారు. పాడుకున్నవాడు చేపపిల్లలు వదిలి కావలి పెట్టాడు. గాలం వేసేవాళ్లను కట్ట ఎక్కనివ్వలేదు. పందెం ఆగిపోయింది. అది ఆగిందని ఎవరూ ప్రకటించలేదు. ఒక పండగకు ఎవరూ రాలేదు, అంతే. కొడుకు నెల్లూరు పోయి రీలు బిగించిన ఫైబర్ కర్ర ఒకటి కొనుక్కొచ్చాడు. నా దారం విప్పి గోడకు చీర ఆరేసుకునే తీగగా కట్టారు. గాలాన్ని ఎవరో పిల్లాడు ఎత్తుకుపోయాడు.

అక్కడినుంచి నా బతుకు దిగుడే. కొన్నాళ్లు చింతకాయలు రాల్చాను. కొన్నాళ్లు కాకరపందిరికి గుంజనై వానలో నానాను. వడియాలు ఎండబెట్టినప్పుడు నన్ను ఆడిస్తూ కాకుల్ని తోలారు. గొడ్లకొట్టంలో బర్రె దాటకుండా అడ్డం కట్టారు. దాని కొమ్ము తగిలి నా నడుము చీలింది. చివరికి చూరులోకి దోపేశారు. వెదురుకు పుచ్చుపురుగు పడితే బయటికి ఏమీ తెలియదు. రాత్రి లోపలినుంచి సన్నగా గొరుకుతున్న చప్పుడు, పొద్దున కింద పసుపచ్చని పొడి. కోడలు ఆ పొడిని ఊడ్చేది. ఎక్కడినుంచి రాలుతోందని ఏనాడూ తలెత్తి చూడలేదు. నూనె చుక్క పడితే బాగుపడేదాన్ని. అడగడానికి నాకు నోరు లేదు. ఉదయగిరి కొండ కర్రతో చెక్కే గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని, దూరదేశాల వంటిళ్లకు పోతున్నాయని కింద మాట్లాడుకుంటుంటే విన్నాను. అవీ కొండ కర్రే, నేనూ కొండ కర్రనే. వాటికి పని ఉంది.

మళ్లీ గాలం మాట వినబడింది ఫోనులో. పెద్దాయన మనవడు అమెరికాలో, టెక్సస్‌లో ఉంటాడు. డాలస్ దగ్గరి సరస్సులో బాస్ చేప పందెంలో దిగాడట. నులకమంచం మీద కూర్చున్న తాతకు పడవా, చేపా చూపిస్తూ చెప్పుకొచ్చాడు. అక్కడా తెల్లవారగానే మొదలు, మధ్యాహ్నానికి తూకం. ఎన్ని పట్టినా ఐదింటినే తూస్తారు. చాలా చోట్ల 14 అంగుళాలకు తక్కువుంటే అక్కడికక్కడే వదిలెయ్యాలి. పడవలో గాలిబుడగల తొట్టి ఉంటుంది, చేపను అందులో బతికించి తేవాలి. చచ్చిన చేప తెస్తే తూకంలో కోత. తూచాక మళ్లీ సరస్సులోకే.

ఈ పందేలకు ఒక ఒరవడి పెట్టినవాడు రే స్కాట్ అనే ఇన్సూరెన్సు ఏజెంటట. 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో 106 మందితో మొదటి పెద్ద పందెం నడిపాడు. తొలినాళ్లలో పట్టినవి చచ్చిపోయేవి. 1972 నుంచి చంపకుండా వదలాలన్న నియమాన్ని ఆయనే ముందుకు తోశాడు. టెక్సస్‌లో అయితే 13 పౌండ్లు, అంతకు మించి తూగే బాస్‌ను సర్కారుకు అప్పివ్వొచ్చట, 1986 నుంచి. దానిచేత గుడ్లు పెట్టించి ఆ పిల్లల్ని సరస్సుల్లో వదులుతారు.

పెద్దాయన అంతా విని ఒకటే అడిగాడు. "పిల్లల మీదుండే దాన్ని పట్టరు కదరా నాయనా?"

అవతల కాసేపు మాట లేదు. "పడతారు తాతా. ఎండాకాలం ముందు మగది గూడు కాస్తా ఉంటాది. అప్పుడే సులువుగా పడతాది. తూకానికి తీసుకపోయి తిరిగి తెచ్చేలోపల బ్లూగిల్ అని చిన్న చేపలుండాయి, అవి గుడ్లు తినేస్తాయి. తప్పని కొందరు, కాదని కొందరు, ఇంకా తగువులాడుకుంటానే ఉండారు."

"తగువేందిరా అందులో" అన్నాడు పెద్దాయన. కట్టుబాటు మొత్తం చెప్పాడు. సంక్రాంతి ఎందుకో, తక్కెడలో ఏది పెట్టనీయరో. మనవడు మధ్యలో మాట్లాడలేదు.

నాకు అప్పుడు తట్టింది ఇది. ఆ దేశంలో చేపను బతికించి తేవడానికి మోటారు పెట్టిన తొట్టి కావాలి. మా కొర్రమీనుకు తడిపిన గోనెసంచి చాలు, గంటల తరబడి గాలి పీలుస్తూ బతుకుతుంది. సంతలో అమ్మేవాళ్లు దాన్ని అట్లాగే ప్రాణంతో తెస్తారు. తూచి తిరిగి చెరువులో వదలడానికి ఇంతకన్నా అనువైన చేప ఎక్కడుంది? పిల్లల్ని కాపాడే కట్టుబాటు మాకుంది, వదిలినా బతికే చేప మాకుంది. ఈ రెండూ ఒకే కట్ట మీద ఉండి కూడా తూచిన చేపను కూరకే పంపాం. తర్వాత ఆ కట్టుబాటునూ నాతోపాటే చూరులోకి తోశాం.

మనవడు పండగకు వస్తున్నాడు. వేలం పాడుకున్న ఆసామిని ఒక్క పూటకు ఒప్పిస్తాడట, పట్టినవన్నీ తిరిగి వదిలే షరతు మీద. పెద్దాయన నన్ను దింపించి ఒళ్లో పెట్టుకుని, నడుము చీలిక తడిమి చూశాడు. నూలు దారం గట్టిగా చుట్టి జిగురు పుయ్యమని, పుచ్చు పట్టిన చోట వేపనూనె పొయ్యమని కోడలికి చెప్పాడు. చేప బరువుకు ఆగుతానో లేదో నాకు తెలియదు. ఆగాలని ఉంది. ఆ కుర్రాణ్ణి నేను కోరేది ఒకటే. నాకు దారం కట్టేముందు కట్ట పొడవునా ఒకసారి నడిచి, తామరాకుల సందున ఎర్రగుంపు ఎక్కడైనా కదులుతోందేమో చూసి రావాలి.