టీకి టీక: ఒక చౌక్తడా పద్యానికి వ్యాఖ్య

అవతారిక

శాస్త్రం మొదలుపెట్టే ముందు అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగూ చెప్పి తీరాలని పూర్వులు నియమం పెట్టారు. కాబట్టి చెబుతున్నాం. అధికారి: ఎం.ఏ.లో సీటు వచ్చి, క్లాసులు ఇంకా మొదలుకాని వ్యక్తి. విషయం: రేపటి సహాధ్యాయులు. సంబంధం: ఇంకా ఏమీ లేదు, అది కుదుర్చుకోవడానికే ఈ తంటా. ప్రయోజనం: మొదటి రోజు బెంచీ మీద ఒంటరిగా కూర్చోవలసిన అగత్యం తప్పడం, రెండో వారానికి నోట్సు అడగడానికి ఒక మనిషి దొరకడం. మోక్షం సంగతి థీసిస్ అయ్యాక చూసుకోవచ్చు.

ఇక దేశకాలాలు. దేశం యాంగోన్, తాతల నోట రంగూను, ఉత్తరాంధ్ర ముత్తాతల నోట రంగం. అందులో చౌక్తడా. నడిబొడ్డున సూలే పగోడా, ఆ దాపునే మహాబందూల పార్కు, ఎర్ర ఇటుకల పాత హైకోర్టు, పన్సోడాన్ వీధి, పాత పుస్తకాల 37వ వీధి. చదవబోయే యాంగోన్ విశ్వవిద్యాలయం మాత్రం ఇక్కడ లేదు. ఉత్తరాన కమాయుట్‌లో ఇన్యా సరస్సు పక్కన ఉంది. అయినా కలిసేది ఇక్కడే. ఎవరు ఏ మూల ఉన్నా సూలే వైపు వచ్చే బస్సు ఒకటి దొరుకుతుంది కదా. కాలం: ప్రవేశాల జాబితా వచ్చాక, హాజరు పట్టీ రాకముందు.

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఈ టీకాకారుడికి ఆ నియమాలు రెండూ లేవు. పైగా మూలం కూడా తనదే. తన పద్యానికి తానే వ్యాఖ్య రాసుకోవడాన్ని సంస్కృతంలో స్వోపజ్ఞం అంటారు. తెలుగులో ఇంకేదో అంటారు గానీ, అది ఇక్కడ అప్రస్తుతం.

మూలం

ఆ. పేరు చెప్పినారు పిదప వారమడిగి
యూరుఁ దెలిపి యంత నొకరి కొకరు
తీపి టీలు పోసి తెలిసికొనిరి సుమ్ము
బిల్లు వచ్చు వేళఁ బిన్నలైరి.

ప్రతిపదార్థం

పేరు = బడి రికార్డులోని పేరును, చనువు పెరిగితే ఇంట్లో పిలిచే పేరును; చెప్పినారు = ఎదుటివారికి వినబడీ వినబడకుండా పలికినారు; పిదప = ఆ పేరు ఎదుటివారు మరిచిపోయిన మరుక్షణమున; వారము = పుట్టిన వారమును; అడిగి = సంవత్సరం అడగడానికి జంకి, బదులుగా దీనిని అడిగి; ఊరున్ = తనదో, తాతదో తేల్చని ఊరును; తెలిపి = తెలియజేసి; అంతన్ = అటు తరువాత, అనగా అందరూ ఫోన్లు చూసుకున్న కొంత మౌనం గడిచాక; ఒకరికొకరు = పరస్పరం; తీపి టీలు = చిక్కటి డబ్బాపాలు కలిపిన టీలను; పోసి = కప్పుల్లోకి వంచి; తెలిసికొనిరి = తెలుసుకున్నామని అనుకున్నారు; సుమ్ము = పాదం నిండక వేసిన మాట, అయినా 'నమ్మండి' అని అర్థం చెప్పుకోవచ్చు; బిల్లు వచ్చు వేళన్ = టీకొట్టు కుర్రాడు బల్ల దగ్గర నిలబడి కప్పులు లెక్కపెట్టే సమయమున; పిన్నలు = వయసున చిన్నవారు; ఐరి = ఉన్నట్టుండి అయిపోయారు.

తాత్పర్యం

ఒకే క్లాసులో చేరబోయే కొందరు ముందుగానే కలుసుకుని, పేరు, వారం, ఊరు చెప్పుకుని, టీ తాగి, బాగా దగ్గరయ్యారు. డబ్బు కట్టవలసి వచ్చేసరికి మాత్రం అందరూ అందరికంటే చిన్నవాళ్ళయ్యారు. పెద్దవాడు ఉండగా చిన్నవాడు బిల్లు కట్టడం బర్మాలోనూ మర్యాద కాదు, మన దగ్గరా కాదు.

ఛందస్సు

ఆటవెలది. యతి గురించి ఒక విశేషం ఉంది. బర్మాలో పుట్టిన వారాన్ని బట్టి పేరు మొదటి అక్షరం ఎంచడం పాత ఆచారం. సోమవారానికి కవర్గం, మంగళవారానికి చవర్గం, గురువారానికి పవర్గం, శనివారానికి తవర్గం, ఆదివారానికి అచ్చులు. బుధవారాన్ని మధ్యాహ్నం దగ్గర రెండుగా కోసి, రెండో సగాన్ని రాహువుకిస్తారు. వెరసి వారానికి ఎనిమిది రోజులు. సూలే స్థూపం ఎనిమిది పలకలది. చుట్టూ ఏ వారం వారికి ఆ వారం చోటుంది. గురువారం వాళ్ళు ఎలుక దగ్గర, సోమవారం వాళ్ళు పులి దగ్గర నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుంటారు.

ఈ లెక్కన మన పద్యంలో మొదటి, నాలుగో పాదాల యతి గురువారం నాటిది. రెండో పాదానిది ఆదివారం, మూడో పాదానిది శనివారం. నాలుగు పాదాల్లో ఎక్కడా వారం తప్పలేదు. నక్షత్రపాదం చూసి 'చూ చే చో లా' అని పేరు పెట్టే తెలుగువాడికి ఈ పద్ధతి పరాయిదనిపించదు. మనం నక్షత్రం దాకా వెళతాం, వాళ్ళు వారం దగ్గర ఆగుతారు, అంతే తేడా.

ప్రథమపాద విశేషం

వయసు అడగకుండా వారం అడగడంలో ఒక లౌక్యం ఉంది. ఇద్దరి వారాలూ పడతాయో పడవో చూసుకోవడం పైకి చెప్పే కారణం. మాట అక్కడ మొదలైతే, ఏ సంవత్సరం అన్నది దానంతటదే బయటికి వస్తుంది. అది రాకపోతే సంభాషణ నడవదు. బర్మా భాషలో వయసులో పెద్దవాడైతే కో, పెద్దదైతే మా అని పేరు ముందు చేర్చాలి. తెలుగులో అన్నా, అక్కా, తమ్ముడూ తేలనిదే 'నువ్వు' అనాలో 'మీరు' అనాలో తెలియక క్రియాపదం నోట్లోనే ఉండిపోతుంది. బర్మావారికి ఇంటిపేరు లేదు కాబట్టి, 'మీరు ఫలానా వారి తాలూకా?' అనే మన పాత దారి కూడా ఇక్కడ మూసుకుపోయింది.

ఒకే క్లాసు వాళ్ళ వయసు కూడా ఒకటేగా, ఇందులో తేల్చడానికి ఏముంది అని శంక. యాంగోన్‌లో అలా కుదరదని సమాధానం. 1988 ఉద్యమం తర్వాత కాలేజీలు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మళ్ళీ మూసి, 2000 దాకా చాలావరకు తెరవలేదు. 2020లో కొవిడ్, 2021 ఫిబ్రవరిలో సైనిక తిరుగుబాటు. ఈ దేశంలో మనిషి వయసు, చదువుతున్న సంవత్సరం చాలాసార్లు విడిపోయి నడిచాయి. ఒకే బెంచీ మీద అయిదారేళ్ళ తేడా ఉన్న ఇద్దరు కూర్చోవడం ఇక్కడ వింత కాదు.

ఇంకొక కారణమూ ఉంది. 1920లో మొదలైన ఈ విశ్వవిద్యాలయపు పాత ప్రాంగణం నుంచి డిగ్రీ విద్యార్థులను 1990లలో ఊరవతలి కాలేజీలకు పంపేశారు. 2013 చివర మళ్ళీ రానిచ్చే దాకా అక్కడ పీజీ వాళ్ళే చదివారు. ఒకరు డగోన్ నుంచి, ఒకరు తాన్లిన్ వైపు నుంచి, మరొకరు దూరవిద్య నుంచి వచ్చి ఎం.ఏ.లో కలిసేవారు. డిగ్రీలో మూడేళ్ళు పక్కపక్కన కూర్చుని వచ్చిన జట్లు తక్కువ. ముందస్తు పరిచయం అక్కడ ముచ్చట స్థాయి దాటి అవసరమైంది.

ద్వితీయపాద విశేషం

ఊరు అనే ప్రశ్నకు రంగూను తెలుగువాడి జవాబు మూడంతస్తులది. పై అంతస్తు ఇప్పుడున్న వీధి. మధ్యది పుట్టిన ఊరు. కింద పునాదిలో ఏ శ్రీకాకుళం పల్లెనో, గోదావరి లంకనో పెట్టుకుని ఉంటాడు. తాను చూసి ఉండడు, పేరు మాత్రం తప్పు పలకడు. 1931 జనాభా లెక్కల్లో రంగూను జనం 4,00,415. అందులో భారతీయులు 2,12,929, అంటే సగానికి పైగా. రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ చెమటోడ్చినవారిలో తెలుగువాళ్ళు చాలామంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా వాళ్ళను కోరంగీలనేవారు.

ఆ కోరంగీలకు తోటివారితో ముందస్తు పరిచయం ఎలా అయిందో చూడాలి. మేస్త్రీ ఊరికి వచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, జట్టును కట్టి, కాకినాడలోనో విశాఖలోనో ఓడ ఎక్కించేవాడు. డెక్కు మీద ఒకరి దుప్పటి అంచున ఇంకొకరి తల. ఓడ దిగేసరికి ఎవరు గురక పెడతారో, ఎవరు పాట పాడతారో అందరికీ తెలుసు. అయితే వాళ్ళంతా ఒక్కడికే బాకీ. కూలి మొదలుకాకముందే అప్పు మొదలైంది; ఒకరినొకరు ఎరిగి ఉండడం కూడా మేస్త్రీకి జామీను లాగే పనికొచ్చింది. 1942లో జపాను దాడికి భయపడి లక్షలమంది కాలినడకన వెనక్కి వెళ్ళారు. 1964 జాతీయీకరణ తర్వాత మరెందరో ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు వాళ్ళ మూలంగా వచ్చిందే. ఉండిపోయినవారి మనవలే ఇవాళ ఈ పద్యంలో ఊరు చెబుతున్నది.

తృతీయపాద విశేషం

'తీపి టీలు' అనే బహువచనంలో భేదాలున్నాయి. తియ్యగా, పాలు చిక్కగా కావాలంటే చో సెయిన్ అనాలి. డికాక్షన్ ఘాటుగా కావాలంటే చా సెయిన్. బల్ల మీద ప్లాస్కులో పచ్చటీ ఊరికే వస్తుంది, ఎంత తాగినా లెక్క ఉండదు. కుర్రాణ్ణి పిలవడానికి ముద్దు పెట్టినట్టు పెదవులతో చప్పుడు చేస్తారు. కొత్తగా వచ్చిన తెలుగు చుట్టం ఆ చప్పుడు విని ఉలిక్కిపడితే పక్కవాళ్ళు సర్దిచెప్పాలి.

ఇంత కష్టపడి కొట్టుకు రావడమెందుకు, ఫోన్లో గ్రూపు పెట్టుకుంటే సరిపోదా అని మరో శంక. పెట్టుకుంటారు. అయితే 2021 ఫిబ్రవరి నుంచి ఫేస్‌బుక్ నిషేధంలో ఉంది, వీపీఎన్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. కరెంటు పోయిందంటే 'హాయ్' అన్నవాడికి 'హలో' చేరేసరికి తెల్లవారుతుంది. గ్రూపులో తెలిసేది ఎవరికి ఎన్ని మార్కులో. మనిషి తెలియాలంటే సమోసా చివరి ముక్క పళ్ళెంలో మిగలాలి, దాని వైపు ఎవరి చెయ్యి ఎలా కదులుతుందో చూడాలి.

కొట్టులోని బల్ల పొట్టిది, పీటలు నాలుగు. అయిదో పీట లాక్కోవడం ఇక్కడ ఊరికే జరిగిన పని కాదు. 1988 సెప్టెంబరులో సైనిక ప్రభుత్వం ఇచ్చిన 2/88 ఉత్తర్వు ప్రకారం అయిదుగురు లేదా అంతకుమించి గుమిగూడడం 2013 దాకా నేరం. 2021లోనూ అలాంటి ఆంక్షలే వచ్చాయి. కాబట్టి స్నేహబృందంలో సభ్యుల సంఖ్య ఎంత ఉండాలి అన్నది యాంగోన్‌లో ఒక్కోసారి మనస్తత్వశాస్త్రాన్ని వదిలి చట్టం కిందికి వెళ్ళింది.

ధ్వని

పద్యంలో పేరు అడిగారు, వారం అడిగారు, ఊరు అడిగారు. 'మధ్యలో చదువు ఎందుకు ఆగింది?' అని ఎవరూ అడగలేదు. 2021 తర్వాత ఎంతోమంది విద్యార్థులు, అధ్యాపకులు క్లాసులు బహిష్కరించారు. కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. తిరిగి రావడానికీ రాకపోవడానికీ ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. పక్క బల్ల దగ్గర చెవి ఒకటి ఉండవచ్చునన్న ఎరుక ఈ ఊరి టీకొట్లకు పాతదే. అందుకే మాట ఫుట్‌బాల్ వైపు, వాన వైపు తిరుగుతుంది. అడగకూడనిది అడగకపోవడం కూడా పరిచయంలో భాగం. మూడో పాదంలో 'తెలిసికొనిరి' అన్న మాటకు అసలు బరువు ఇక్కడుంది: ఏది అడగకూడదో అందరికీ ఒకేలా తెలుసునని వాళ్ళు తెలుసుకున్నారు.

చతుర్థపాద విశేషం, పాఠాంతరం

'పిన్నలైరి' అన్నది హాస్యమని పైపైన చదివేవారు అంటారు. టీకాకారుడి సిద్ధాంతం ప్రకారం పద్యానికి ఆయువుపట్టు ఇదే. మొదటి మూడు పాదాల్లో జరిగింది సమాచార సేకరణ. పేరు, వారం, ఊరు ఏ దరఖాస్తు ఫారంలోనైనా ఉంటాయి. నాలుగో పాదంలో ఒకరు జేబులో చెయ్యి పెట్టాలి. పెట్టినవాడు ఆ క్షణాన పెద్దవాడవుతాడు, పుట్టిన సంవత్సరం ఏదైనా సరే. మిగతావాళ్ళు అతనికి ఒక టీ బాకీ పడతారు. రెండోసారి కలవడానికి అదే కారణమవుతుంది. బాకీ తీర్చడానికి వచ్చినవాడు ఇంకో బాకీ పడి వెళతాడు. మేస్త్రీ జట్టులో బాకీలన్నీ ఒక్కడి దగ్గరకే పోయేవి, అందుకని ఆ పరిచయం సంకెల అయింది. ఈ బల్ల దగ్గర బాకీ చేతులు మారుతూ ఉంటుంది, అందుకని స్నేహమవుతుంది. రెండుచోట్లా మనుషులు ఒకరినొకరు ముందే ఎరుగుదురు. ఎవరు ఎవరికి రుణపడ్డారన్న చోటే తేడా వచ్చింది.

'బిల్లు వచ్చు వేళఁ బెద్దలైరి' అని ఒక పాఠాంతరం. యతికి భంగం లేదు, గణాలు సరిపోయాయి. అందరూ ఒకేసారి పెద్దలు ఎలా అవుతారు, అసంగతం కాదా అంటే, కుర్రాడు వచ్చేసరికి ప్రతివాడూ 'నేను కడతాను, నువ్వు చిన్నవాడివి' అని నోటు పట్టుకుని చెయ్యి చాపే దృశ్యం యాంగోన్ టీకొట్లలోనూ, రాజమండ్రి హోటళ్ళలోనూ చూసినవారికి ఈ సందేహం రాదు.

ఏది శుద్ధపాఠం? చేరకముందు కలిసిన బల్ల దగ్గర 'పిన్నలైరి' అని చదువుకోవాలి. కోర్సు అయ్యాక అదే బల్ల దగ్గర 'పెద్దలైరి' అని చదువుకోవాలి. రెండేళ్ళ తర్వాత కూడా మొదటి పాఠమే నిలిచి ఉంటే, పట్టా చేతికి వచ్చినా క్లాసు మాత్రం ఇంకా మొదలుకాలేదని గ్రహించేది.