ఓనరుగారు

మా రీసెర్చి గ్రూపులో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఓనరుగారు అంటాం. ఉండేది అద్దింట్లోనే. కానీ పాత తెలుగు పత్రికల జాబితా ఉన్న మా గూగుల్ షీటుకి ఆయనే ఓనరు. అది తెరిచిన పూట మేమంతా టీకి వెళ్లాం. ఆ టీ ఖరీదు ఇప్పటికీ కడుతున్నాం.

గూగుల్ వాడు మూడు మెట్లు పెట్టాడు. వ్యూయర్ చూస్తాడు, కామెంటర్ పక్కన రాస్తాడు, ఎడిటర్ దిద్దుతాడు. వ్యూయర్ కావడమే పూర్వజన్మ సుకృతమని ఓనరుగారి నమ్మకం. యాక్సెస్ కోరుతూ మెయిలొస్తే శుభలేఖ అందుకున్నట్టు మురిసిపోతారు. అయినా వెంటనే ఇవ్వరు. "ఏం దిద్దుతావమ్మా? నాకు చెప్పు, నేనే దిద్దుతాను" అంటారు. చెప్తాం. దిద్దరు.

ఆయనకంటే ముందే డాక్టరేటు తీసుకున్న మేడమ్‌ది కూడా కామెంటర్ హోదాయే. షీటులో ఆంధ్రపత్రిక పుట్టుక 1914, మద్రాసు అని ఉంది. "అది దినపత్రిక సంగతండీ. వారపత్రికగా 1908లో బొంబాయిలోనే మొదలైంది" అని ఆవిడ కామెంటు పెట్టారు. ఓనరుగారు శ్రద్ధగా చదివి, రిజాల్వ్ నొక్కి, 1914ని అలాగే ఉంచారు.

ఎడిటర్లు ఇంకొకరికి షేర్ చేసే వీలు తీసేసే టిక్కు ఒకటి సెట్టింగుల్లో ఉంటుంది. వ్యూయర్లు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకోకుండా ఆపేది ఇంకొకటి. రెండూ కనిపెట్టిన రోజు ఆయన క్యాంటీన్‌లో అందరికీ సమోసాలు తినిపించారు. అప్పట్నుంచీ మా పిల్లలు స్క్రీన్‌షాట్లు తీసి, చూసి మళ్లీ టైపు చేసుకుంటున్నారు. అందులో దేవరహస్యాలేమైనా ఉన్నాయా అంటే, అన్నీ లైబ్రరీల్లో ఎవరైనా చూడగలిగే వివరాలే.

అలాగని గట్టిగా కోప్పడలేం. ఓసారి ఒక కుర్రాడు మిగతావి వదిలేసి సంవత్సరాల కాలమ్ ఒక్కదాన్నే సార్ట్ చేసేశాడు. ఏ పత్రిక ఎప్పుడు పుట్టిందో ఆ సరస్వతికే తెలియాలి. అది బయటపడేసరికి దానిమీద ఇంకా బోలెడు పని జరిగిపోయింది. పాత వెర్షన్ తెస్తే కొత్త పని పోతుంది. ఓనరుగారు రాత్రంతా కూర్చుని వెర్షన్ హిస్టరీ చూస్తూ సంవత్సరాలన్నీ చేత్తో సరిచేశారు. కుర్రాణ్ణి ఒక్క మాటా అనలేదు. పొద్దున్నే వ్యూయర్‌ని చేశారు, అంతే.

రిఫరెన్సులు, స్కాన్లు కలిసి దాచుకునే జొటెరోలో గ్రూపు కూడా ఉత్సాహంగా ఆయనే తెరిచారు. అక్కడ మాత్రం అందరం ఇష్టమొచ్చినట్టు స్కాన్లు ఎక్కించాం. ఎవరు ఎక్కించినా లెక్క ఓనరు ఖాతాలోనే పడుతుందని, ఉచితంగా దొరికేది 300 ఎంబీయేనని, ఆ పైన డబ్బు కట్టాలని ఆయనకు ఆలస్యంగా తెలిసింది. మీటింగులో గొంతు సవరించుకున్నారు.

"ఇదంతా ఉమ్మడి పని కదా. ఓనర్‌షిప్ ఎవరైనా తీసుకోండి."

"షీటుదా అండీ?" అన్నారు మేడమ్, పెన్ను మూత తీస్తూ.

"అబ్బే, అది వేరు మేడమ్."