పది రోజుల్లో సాఫ్ట్ స్కిల్స్: కరస్పాండెంట్ గారికి సలహాలు

కరస్పాండెంట్ గారూ, ప్లేస్‌మెంట్ల సీజన్ వస్తోంది. సాఫ్ట్ స్కిల్స్ నేర్పడం నాలుగేళ్ల పని అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఫైనలియర్‌లో 10 రోజులు చాలు.

అయితే మొదటి మూడేళ్లు పిల్లలు నోరెత్తకూడదు. క్లాసులో డౌటు అడిగినవాణ్ణి పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టండి. అబ్బాయిలూ అమ్మాయిలూ కారిడార్‌లో మాట్లాడుకుంటే ఐడీ కార్డులు లాక్కోండి. ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీలవాళ్లు రెండేళ్లు పడ్డ శ్రమను మనం పాడు చెయ్యకూడదు కదా! జేఎన్‌టీయూ సిలబస్‌లో ఇంగ్లిష్ కమ్యూనికేషన్ ల్యాబ్ ఉంది. ఆ హెడ్‌ఫోన్లు అట్టపెట్టెల్లోనే ఉంచండి, ఇన్‌స్పెక్షన్ నాటికి కొత్తగా మెరుస్తాయి. రికార్డు సీనియర్లది చూసి రాసేస్తారు.

టీమ్ వర్క్‌కి మినీ ప్రాజెక్టు ఉంది. బ్యాచ్‌లో ఒకడు డబ్బులు పోగుచేస్తాడు, ఒకడు అమీర్‌పేట వెళ్లి ప్రాజెక్టు కొంటాడు, ఒకడు స్పైరల్ బైండింగ్ చేయిస్తాడు, నాలుగోవాడు వైవాకి టై కట్టుకొస్తాడు. ఇంత చక్కటి పని విభజన కంపెనీల్లో కూడా ఉండదు.

ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ అకార్డ్‌లో 2014లో మన దేశానికి శాశ్వత సభ్యత్వం వచ్చింది. దానికి తగ్గట్టు కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ అడిగేవాటిలో జట్టుపనీ కమ్యూనికేషనూ ఉన్నాయని కంగారుపడకండి. మిడ్ మార్కులు వేస్తే పిల్లలు అవి ఎంత శాతం నేర్చారో ఎక్సెలే తేల్చేస్తుంది.

ఇక ఆ 10 రోజులు. కోటు వేసుకున్న ట్రైనర్‌ని పిలిపించండి. 300 మందిని సెమినార్ హాల్లో కుక్కి, ఎదుటివాళ్ల మాట వినడం ఎంత ముఖ్యమో ఆయనొక్కరే మూడు గంటలు చెప్పాలి. సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఒకటే రాయించి జిరాక్సులు పంచండి. బలం: హార్డ్ వర్క్. బలహీనత: ఎవరినైనా ఇట్టే నమ్మేస్తాను. హాబీ: పాటలు వినడం. 300 మందికీ ఒకే బలహీనత ఉంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లకీ సుఖమే.

కొందరు మొండి పిల్లలు సొంత సంగతులు రాస్తారు. నాన్నతో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లి కమీషన్ ఏజెంటుతో బేరమాడాననో, ఊళ్లో ముసలివాళ్లకి పదిసార్లు చెప్పి ఫోన్‌పే నేర్పాననో. కొట్టేయించండి. బేరమాడటం, ఓపిగ్గా వివరించడం ఏం స్కిల్సండీ? పైగా ఆ పిల్లలు అదంతా తెలుగులో చేశారాయె.

ఉద్యోగంలో చేరాక టీమ్ లీడ్ చెప్పింది బుర్రకెక్కకపోతే ‘ఓకే సర్’ అనమనండి. పని కాలేదన్న ముక్క గడువు రోజు సాయంత్రం దాకా బయటపెట్టొద్దనండి. తర్వాతి సంగతి కంపెనీ చూసుకుంటుంది. మీరు ఫ్లెక్సీ కొట్టించండి. ట్రైనింగ్ ఫీజు కట్టనివాళ్లకి హాల్ టికెట్ మాత్రం ఇవ్వకండి.